అటక దులిపిన రాత్రి జ్వరం ఎందుకొస్తుంది? ఇల్లు మారే వారంలో ఒంటికి ఏమవుతుంది?

పగలంతా అటక మీది అట్టపెట్టెలు దించారు. పాత పరుపులు డాబా మీద ఎండలో వేసి కర్రతో కొట్టారు. పదిహేనేళ్లుగా దాచిన వారపత్రికలు కట్టలు కట్టి, పాత సామాన్లు కొనే అతనికి తూకం వేశారు. సాయంత్రానికి తల పట్టేసింది. రాత్రి తొమ్మిది దాటేసరికి చలి, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు. థర్మామీటరు 101 చూపించింది. ఇంట్లో పెద్దావిడ దిష్టి తగిలిందంది. మందుల షాపులో ‘వైరల్ అయ్యుంటుంది’ అని నాలుగు మాత్రలిచ్చారు. రెండు రోజుల్లో తగ్గిపోయింది. మళ్లీ ఇల్లు మారేదాకా ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇల్లు మారిన చాలామందికి ఇది తెలిసిన కథే. అలసట అని ఒక్క మాటలో తేల్చేస్తుంటారు. అలసట నిజమే కానీ, ఒట్టి అలసటకు 101 జ్వరం రాదు.

ఇల్లు ఖాళీ చేసే వారంలో వేర్వేరు విషయాలు ఒకేసారి ఒంటి మీదికి వచ్చిపడతాయి. ఏళ్ల తరబడి కదలని దుమ్ము లేస్తుంది. బాత్రూములు కడిగే రసాయనాలు గదుల్లో నిండుతాయి. భోజనం, నిద్ర, రోజూ వేసుకునే మాత్రలు వేళ తప్పుతాయి. దేన్ని ఉంచాలి, దేన్ని పారేయాలి అన్న తర్జనభర్జన వీటన్నిటి మీదా ఉంటుంది. వీటి వల్ల వచ్చే బాధల్లో కొన్ని రెండు రోజుల్లో పోతాయి. కొన్ని ఊపిరితిత్తుల్లో శాశ్వతంగా మచ్చలు వదులుతాయి. కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తాయి. పైకి మాత్రం అన్నీ ‘ఒంట్లో బాగోలేదు’ లాగే కనిపిస్తాయి. వీటిని విడదీసి చూడటానికి ఇంట్లోవాళ్ల చేతిలో ఉన్న మంచి సాధనం గడియారం. ఏ పని చేసిన ఎంతసేపటికి ఏ బాధ మొదలైంది, ఎంతసేపటికి తగ్గింది అన్నది గమనిస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

11 నెలల అద్దె, శూన్యమాసాల లెక్క

నగరాల్లో ఇల్లు మారడం జీవితంలో ఒకటి రెండుసార్లు జరిగే పని కాదిప్పుడు. అద్దె ఒప్పందం 11 నెలలకే రాసుకోవడం దేశమంతా ఉన్న అలవాటు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు, ఆఫీసుల చుట్టూ తిరుగుడు తప్పించుకోవడానికే ఈ 11 నెలలు. గడువు దగ్గరపడగానే అద్దె పెంపు గురించి ఓనరు నుంచి ఫోను వస్తుంది. కుదరకపోతే మళ్లీ టు-లెట్ బోర్డుల వేట.

తెలుగువాళ్లకు దీని మీద పంచాంగం కూడా ఉంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు కాబట్టి కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి చాలామంది ఇష్టపడరు. అద్దె ఇంటికైనా సరే, మంచిరోజు చూసుకునేవాళ్లే ఎక్కువ. పిల్లల బడులు జూన్‌లో తెరుస్తారు. దాంతో ఇల్లు మారడాలు ఎక్కువగా రెండు కాలాల్లో కుప్పపడతాయి. ఒకటి వైశాఖ, జ్యేష్ఠాల మండుటెండలు. రెండోది శ్రావణం, అంటే వానాకాలం నడిమధ్య. మొదటిది ఒంట్లో నీరు పీల్చేసే కాలం. రెండోది గోడల్లో, పుస్తకాల్లో, పరుపుల్లో బూజు పెరిగే కాలం.

మన పెద్దల అలవాటు దీనికి పూర్తిగా భిన్నం. బూజు దులపడం, ఇల్లు సర్దడం సంక్రాంతికి ముందు, సాధారణంగా పుష్యమాసంలో జరిగేది. అప్పుడు గాలి పొడిగా, చల్లగా ఉంటుంది. పైగా ఏటా జరిగేది కాబట్టి దుమ్ముకు ఏడాది కంటే ఎక్కువ వయసు ఉండేది కాదు. ఇల్లు మారడానికి పనికిరాదన్న నెలే ఇల్లు దులపడానికి అన్నిటికంటే మంచి నెల కావడం తమాషాయే. అయితే భోగి మంటల సంగతి వేరు. అందులో పాత చాప, విరిగిన చెక్క వేసే రోజులు పోయి ఫోము దిండ్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేసే రోజులొచ్చాయి. ఆ పొగ పీలిస్తే దగ్గు రావడానికి ఏ అలర్జీ అక్కర్లేదు.

ఇన్నేళ్లూ ఊరుకున్న దుమ్ము ఇప్పుడే ఎందుకు?

అటక మీది పెట్టె పదేళ్లుగా అక్కడే ఉంది. దాని కిందే పడుకున్నారు, తిన్నారు. ఏమీ కాలేదు. కారణం, కదలని దుమ్ము ముక్కులోకి రాదు. పెట్టెను లాగినప్పుడు, దులిపినప్పుడు, చీపురుతో ఊడ్చినప్పుడు అది గాలిలో కలుస్తుంది.

గాలిలో కలిసిన దుమ్ము ఎంతసేపు ఉంటుందన్నది రేణువు పరిమాణాన్ని బట్టి ఉంటుంది. మీటరులో లక్షో వంతు, అంటే 10 మైక్రాన్ల రేణువు గాలి కదలని గదిలో రెండు మీటర్ల ఎత్తు నుంచి నేలకు దిగడానికి సుమారు పది నిమిషాలు పడుతుంది. ఒక మైక్రాన్ రేణువుకు పది గంటల కంటే ఎక్కువే పడుతుంది. పెద్ద రేణువులు ముక్కులో, గొంతులో చిక్కుకుని తుమ్ములు, దగ్గు తెప్పిస్తాయి. సన్నవి ఊపిరితిత్తుల చివరి గాలి బుడగల దాకా వెళ్తాయి. పొద్దున దులిపి, మధ్యాహ్నానికి గది శుభ్రమైందని అక్కడే భోంచేసి కునుకు తీసే కుటుంబం ఆ సన్న రేణువులనే పీలుస్తూ ఉంటుంది. కంటికి కనిపించని దుమ్మే ఎక్కువ లోపలికి పోతుందన్నమాట.

ఆ దుమ్ములో ఉండేది ఒట్టి మట్టి కాదు. మన చర్మం నుంచి రాలిన పొట్టు, దాన్ని తిని బతికే డస్ట్ మైట్లు, వాటి విసర్జన, బొద్దింకల అవశేషాలు, బూజు బీజాలు, బట్టల నూగు అందులో ఉంటాయి. డస్ట్ మైట్ మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. అది నీళ్లు తాగదు, గాలిలోని తేమనే పీల్చుకుంటుంది. అందుకే గాలిలో తేమ 70, 80 శాతం ఉండే వానాకాలం దానికి పండగ. అలర్జీ తెప్పించేది ప్రధానంగా దాని విసర్జనలోని ప్రొటీన్లు. పురుగు చచ్చినా ఆ ప్రొటీన్లు పోవు. పరుపును ఎండలో వేస్తే పురుగులు చస్తాయి కాబట్టి ఆ అలవాటు మంచిదే. దాన్ని కర్రతో బాదినప్పుడే కథ అడ్డం తిరుగుతుంది. లోపలున్నదంతా బాదే మనిషి ముఖం మీదికే వస్తుంది. దుప్పట్లు, దిండు గలేబులను 55 డిగ్రీలు దాటిన వేడి నీళ్లలో ఉతికితే పురుగూ చస్తుంది, ప్రొటీనూ కొట్టుకుపోతుంది.

కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం, తువ్వాలు చుట్టుకోవడం మన అలవాటు. పెద్ద రేణువులను అవి కొంత ఆపుతాయి, సన్నవాటిని ఆపవు. కోవిడ్ కాలంలో కొని మిగిలిపోయిన ఎన్95 మాస్కు ఇంట్లో ఉంటే అది వాడాల్సిన రోజు ఇదే. సరిగ్గా అంటిపెట్టుకుంటే 0.3 మైక్రాన్ రేణువుల్లో 95 శాతాన్ని ఆ వడపోత పట్టేస్తుంది. చీపురుకు బదులు తడిగుడ్డ, దులపడానికి బదులు తుడవడం. అందరికీ తెలిసిన మాటే ఇది, హడావుడిలో ఎవరూ పాటించనిదీ ఇదే.

ఎలుకలున్న అటకైతే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఎలుక పెంటికలను పొడిగా ఊడ్వకూడదు. బ్లీచ్ కలిపిన నీళ్లు చల్లి, ఐదు నిమిషాలాగి, చేతికి తొడుగు వేసుకుని తడిగుడ్డతో తీయాలి. అమెరికాలో గ్యారేజీలు, షెడ్లు ఖాళీ చేసుకునే తెలుగు కుటుంబాలకు ఇది మరీ ముఖ్యం. అక్కడి ఎలుకల మూత్రం, పెంటికల దుమ్ము నుంచి వచ్చే హంటావైరస్ ఊపిరితిత్తులను ముంచేస్తుంది. నటుడు జీన్ హ్యాక్‌మన్ భార్య బెట్సీ అరకావా 2025 ఫిబ్రవరిలో న్యూమెక్సికోలో చనిపోయింది ఈ జబ్బుతోనే.

తుమ్ములు వెంటనే, జ్వరం రాత్రికి

ఇక గడియారం దగ్గరికి వద్దాం. పెట్టె తెరిచిన నిమిషాల్లోనే తుమ్ములు, కళ్ల దురద, ముక్కు కారడం మొదలైతే అది చాలావరకు అలర్జీ. శరీరంలో ముందే తయారై ఉన్న ఐజీఈ ప్రతిరక్షకాలు ఆ ప్రొటీన్‌ను గుర్తుపట్టగానే కొన్ని కణాలు హిస్టమిన్‌ను విడుదల చేస్తాయి. ఆస్తమా ఉన్నవారికి అదే పిల్లికూతలుగా, ఆయాసంగా మారుతుంది. పక్క గదిలోకో బయటికో వెళ్తే కాసేపటికి కొంత నెమ్మదిస్తుంది. కొందరికి నాలుగైదు గంటల తర్వాత రెండో విడత వస్తుంది. పొద్దున వచ్చి తగ్గిన ఆయాసం రాత్రి మళ్లీ రావచ్చు కాబట్టి ఇన్‌హేలర్‌ను పెట్టెలో సర్దకూడదు, జేబులోనే ఉంచుకోవాలి. జూన్‌లో, సరిగ్గా ఇళ్లు మారే రోజుల్లోనే, హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో మృగశిర కార్తె చేప ప్రసాదం కోసం ఆస్తమా ఉన్నవాళ్లు వేలల్లో వరుస కడతారు. అది పనిచేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. ఆ వరుసలో నిలబడినా ఇన్‌హేలర్ మాత్రం మానకూడదు.

జ్వరం సంగతి వేరు. మామూలు దుమ్ము అలర్జీకి జ్వరం రాదు. దులిపిన నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు, ఛాతీ పట్టేసినట్టుండటం మొదలై, ఒకటి రెండు రోజుల్లో వాటంతటవే తగ్గితే దానికి వేరే పేర్లున్నాయి.

ఒకటి ఆర్గానిక్ డస్ట్ టాక్సిక్ సిండ్రోమ్. బూజు, బ్యాక్టీరియా అవశేషాలు నిండిన దుమ్మును ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో పీలిస్తే ఎవరికైనా రావచ్చు. ముందు నుంచీ అలర్జీ ఉండాల్సిన పని లేదు. పాత ధాన్యపు గాదె, ముక్కిన గడ్డి, తడిసి ఆరిన పుస్తకాల పెట్టె, ఏదైనా చాలు. మళ్లీ పీల్చకపోతే మళ్లీ రాదు.

రెండోది హైపర్‌సెన్సిటివిటీ న్యుమొనైటిస్. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఒకే రకం బూజునో, పక్షుల ప్రొటీన్‌నో ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పీల్చినవారి ఊపిరితిత్తులు దాని మీద తిరగబడతాయి. 1932లో ఇంగ్లండ్‌లో క్యాంప్‌బెల్ అనే వైద్యుడు బూజు పట్టిన ఎండుగడ్డితో పనిచేసిన వ్యవసాయ కూలీల్లో దీన్ని వర్ణించారు. అందుకే చాలాకాలం దీన్ని ‘రైతు ఊపిరితిత్తి’ అని పిలిచారు. ఒకసారి దులిపినప్పుడు వచ్చే జ్వరం తగ్గిపోతుంది. కానీ అదే కారణం ఇంట్లో కొనసాగితే లోపల మచ్చలు కడతాయి. అప్పుడు మెట్లెక్కితే ఆయాసం, బరువు తగ్గడం మొదలవుతాయి. ఆ మచ్చలు మళ్లీ మామూలు కావు.

ఇది ఎక్కడో ఇంగ్లండ్ గడ్డివాముల సంగతి అనుకోవడానికి వీల్లేదు. భారతదేశంలో 19 నగరాల్లోని 27 ఆసుపత్రుల్లో 1,084 మంది ఊపిరితిత్తుల రోగుల వివరాలతో ఒక రిజిస్ట్రీ నిర్వహించి, 2017లో ఫలితాలు ప్రచురించారు. ఇంటర్‌స్టిషియల్ లంగ్ డిసీజ్ అనే జబ్బుల కుటుంబంలో అందరికంటే ఎక్కువగా, 47 శాతం మందిలో కనిపించింది ఈ హైపర్‌సెన్సిటివిటీ న్యుమొనైటిసే. పాశ్చాత్య దేశాల లెక్కల్లో ఇది ఇంత పైన ఉండదు. ఇంకా ఆశ్చర్యం, వారిలో దాదాపు సగం మంది ఇళ్లలో ఎయిర్ కూలర్లున్నాయి.

ఎండాకాలం అయిపోగానే మూలకు నెట్టి, అడుగున నీళ్లు కూడా పూర్తిగా పారబోయని కూలర్‌ను గుర్తు చేసుకోండి. మూడు వైపులా కూలర్ గడ్డి తడిసి, ఆరి, నల్లబడి ఉంటుంది. బూజుకు అంతకంటే మంచి ఇల్లు దొరకదు. ఇల్లు మారేటప్పుడు ఆ గడ్డిని ఎవరో ఒకరు ఒట్టి చేతుల్తో పీకుతారు. కొత్త ఇంట్లో కూలర్ బిగించగానే, మిగిలిపోయినదంతా ఫ్యాన్ గాలితో పాటు మంచం మీదికి వస్తుంది. పాత గడ్డిని తడిపి, సంచిలో కట్టి పారేసి, తొట్టిని కడిగి ఎండబెట్టాకే కూలర్‌ను లారీ ఎక్కించాలి.

పావురాలది కూడా ఇదే కథ. ఫ్లాట్లలో ఏసీ డబ్బాల వెనక, వాడని బాల్కనీలో రెట్ట గట్టిపడి ఉంటుంది. అడ్వాన్స్ తిరిగి రావాలంటే బాల్కనీ గీకి శుభ్రం చేసివ్వాలని ఓనరు అంటారు. పొడి రెట్ట గీకినప్పుడు లేచే సన్నటి పొడిలోని ప్రొటీన్లు ఈ జబ్బుకు పేరుమోసిన కారణాల్లో ఒకటి. ముంబయి దాదర్‌లో పావురాలకు గింజలు వేసే చోటును 2025 ఆగస్టులో కార్పొరేషన్ కప్పేయడం, దాని మీద గొడవలు, హైకోర్టు విచారణ వార్తల్లో చూశాం. ఆ వివాదం వెనకున్న వైద్య కారణాల్లో ఇది ముఖ్యమైనది.

కలరా ఉండలు, యాసిడ్, బ్లీచింగ్

బీరువా తలుపు తీయగానే గుప్పున కొట్టే వాసన చాలామందికి అమ్మమ్మ పట్టుచీరల జ్ఞాపకం. ఆ వాసన కలరా ఉండలది, అంటే నాఫ్తలీన్ ఆవిరిది. గాలి ఆడని గదిలో నాలుగు బీరువాలు ఒకేసారి తెరిచి బట్టలు మడతపెడుతూ కూర్చుంటే తలనొప్పి, వికారం వస్తాయి. పెద్దవాళ్లు బయటికొస్తే తగ్గుతుంది. పసిపిల్లల విషయం అలా కాదు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న పిల్లల్లో నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. పాత ట్రంకు పెట్టెలోంచి తీసిన ఉయ్యాల బట్ట, బొంత నేరుగా పిల్లాడికి చుట్టకూడదు. ఉతికి, ఎండలో ఆరేసి, వాసన పోయాకే వాడాలి. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, కలరా ఉండల సంగతి డాక్టరుకు చెప్పాలి.

ఇల్లు అప్పగించే ముందురోజు రాత్రి జరిగే ప్రమాదం ఇంకొకటి ఉంది. బాత్రూము మరకలు పోవడానికి యాసిడ్ పోస్తారు. అది సరిపోలేదనిపిస్తే పైన బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఏప్రిల్‌లో ఈప్ర్ దగ్గర సైనికుల మీద వదిలింది దీన్నే. బాత్రూములో తయారయ్యేది అంత మోతాదు కాకపోయినా, తలుపు వేసి ఉన్న చిన్న గదిలో కళ్లు మండి, గొంతు బిగుసుకుని, ఊపిరాడకుండా చేయడానికి చాలు. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేదీ హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. దాన్ని బ్లీచ్‌తో కలిపినా అంతే. యాసిడ్ విడి అమ్మకాల మీద సుప్రీంకోర్టు 2013లో ఆంక్షలు పెట్టింది దాడులను ఆపడానికి. మోతాదుకు మించి పీల్చినవారు బయటి గాలిలోకి రావాలి. దగ్గు ఆగకపోయినా, ఛాతీ బిగుసుకున్నా ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత మొదలు కావచ్చు.

పాత ఇంటి గోడలు, కిటికీలు గీకి రంగు వేయించే వారికి ఒక మాట. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో, ముఖ్యంగా తలుపులు, కిటికీల ఎనామిల్ పెయింట్లలో సీసం ఎక్కువే ఉండొచ్చు. ఉప్పుకాగితంతో రుద్దినప్పుడు లేచే ఆ పొడి ఆ రోజు ఏ బాధా కలిగించదు. గడియారం పనికిరాని చోటు ఇది. పిల్లలు నేల మీద పాకుతూ, చేతులు నోట్లో పెట్టుకుంటూ దాన్ని నెమ్మదిగా మింగుతారు. పని జరిగేటప్పుడు వాళ్లను బంధువుల ఇంట్లో ఉంచడమే మేలు.

ఏ పెట్టెలో పడ్డాయో తెలియని మాత్రలు

ఇల్లు మారే రోజు కళ్లు తిరిగి పడిపోయినవారి విషయంలో దుమ్మును అనుమానించే ముందు అడగాల్సిన ప్రశ్న: పొద్దున మాత్ర వేసుకున్నారా, ఏమైనా తిన్నారా?

ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా మందికి మధుమేహం, 31 కోట్లకు పైగా మందికి రక్తపోటు ఉన్నాయి. అంటే మారే ప్రతి రెండు మూడు ఇళ్లలో ఒక ఇంట్లోనైనా మందుల డబ్బా ఉంటుంది. ఆ డబ్బా ‘వంటగది 3’ అని రాసిన పెట్టెలోకి వెళ్లిపోతుంది. లారీ ఆలస్యమవుతుంది. బీపీ మాత్ర రెండు రోజులు తప్పుతుంది. ఇన్సులిన్ వేసుకున్నాక గ్యాస్ స్టవ్ విప్పేశారు కాబట్టి టిఫిన్ లేదు. చెమటలు, వణుకు, చిరాకు, తికమక మొదలవుతాయి. పక్కనున్నవాళ్లు ఎండ దెబ్బ అనుకుంటారు. అది షుగర్ పడిపోవడం కావచ్చు. మనిషి స్పృహలో ఉంటే వెంటనే పంచదార నీళ్లు తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ ఆపేసి లారీ ఎక్కించే రోజు దాన్ని ఎక్కడ పెట్టాలన్నది ముందురోజే ఆలోచించుకోవాలి. ఇంట్లోవాళ్లందరి వారం రోజుల మందులు, ప్రిస్క్రిప్షన్లు ఒక చేతిసంచిలో పెట్టి, నగల సంచిలాగే దాన్నీ ఎవరికీ ఇవ్వకుండా పట్టుకోవాలి.

బరువుల సంగతి కూడా ఇక్కడే. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి ఎత్తే బరువు 23 కిలోలు దాటకపోవడం మంచిదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ సూత్రం. మన ఇంట్లో నిండు గ్యాస్ సిలిండరులో గ్యాసే 14.2 కిలోలు. ఇనుము బరువుతో కలిపి 30 కిలోల దాకా ఉంటుంది. యాభై దాటిన పెద్దాయన దాన్ని భుజాన వేసుకుని రెండంతస్తులు దిగాక ఛాతీలో బరువుగా ఉందంటే, చెయ్యో దవడో లాగుతోందంటే, అది గ్యాస్ అనుకుని సోడా తాగించకూడదు. ఆడవాళ్లలో గుండెపోటు ఒట్టి ఆయాసంగా, వికారంగా, విపరీతమైన నీరసంగా కూడా కనిపించవచ్చు. విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోతే లారీని ఆపి 108కు ఫోన్ చేయాలి.

పారేయాలా వద్దా అన్నచోట కడుపులో తిప్పడం

దుమ్ము లేని గదిలో, ఫ్యాన్ కింద కూర్చుని పాత ఉత్తరాలు, ఫొటోలు వేరు చేస్తున్నప్పుడు కూడా కొందరికి తల బరువెక్కుతుంది. కడుపులో తిప్పుతుంది, గుండె దడదడలాడుతుంది. పదిహేను నిమిషాల తర్వాత ఏమీ చేయలేక పెట్టె మూసేస్తారు. ‘పని ఎగ్గొట్టడానికి వంక’ అని ఇంట్లోవాళ్లు అంటారు. అది వంక కాదని చెప్పడానికి ఆధారాలున్నాయి.

2012లో అమెరికా పరిశోధకులు, వస్తువులను అతిగా పోగేసుకునే హోర్డింగ్ సమస్య ఉన్నవారి మెదళ్లను స్కాన్ చేస్తూ వారి సొంత కాగితాలను ఉంచాలో చింపాలో తేల్చుకోమన్నారు. మెదడులో రెండు భాగాలు మామూలు కంటే ఎక్కువగా పనిచేశాయి. వాటిలో ఇన్సులా అనేది శరీరం లోపలి స్థితిని, వికారం లాంటి అనుభూతులను మనకు తెలియజేసే భాగం. పరాయివాళ్ల కాగితాల విషయంలో మాత్రం ఆ హడావుడి లేదు. హోర్డింగ్‌ను 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రత్యేకమైన రుగ్మతగా గుర్తించింది. పాత చీర పారేయలేని ప్రతివారికీ అది ఉన్నట్టు కాదు. కానీ ‘ఇది నాది’ అన్న వస్తువు దగ్గర నిర్ణయం తీసుకోవడం ఒంటికి తెలిసేంత పని అని ఆ ప్రయోగం చూపించింది.

ఇల్లు మారడం జీవితంలో అత్యంత ఒత్తిడి కలిగించే ఘటనల్లో ఒకటని పదేపదే వింటుంటాం. ఈ మాటకు తరచూ ఆధారంగా చూపేది 1967లో హోమ్స్, రాహీ అనే ఇద్దరు తయారుచేసిన 43 ఘటనల పట్టిక. అందులో జీవిత భాగస్వామి మరణానికి 100 మార్కులు. ఇల్లు మారడానికి ఇచ్చింది 20 మాత్రమే. అయితే ఇల్లు మారడం ఒంటరిగా రావడం అరుదు. రిటైరైతే 45, ఆర్థిక స్థితి మారితే 38, కొడుకో కూతురో ఇల్లు విడిచి వెళ్తే 29. తండ్రి పోయాక తల్లిని ఫ్లాట్‌లోకి మార్చడానికి డల్లాస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో రెండు వారాల సెలవు మీద వచ్చిన పిల్లలు, నలభై ఏళ్ల ఇంటిని పది రోజుల్లో ఖాళీ చేస్తారు. వాళ్లకది సామాను. ఆమెకు 100, 20 కలిపి ఒకే వారంలో వచ్చిపడ్డాయి. ఆవిడ అన్నం మానేసి పడుకుంటే బీపీ ఒక్కటే చూసి వదిలేయకూడదు. ఆయన కళ్లజోడు, చేతికర్ర ఉన్న గదిని చివరికి వదిలి, వంటింటి డబ్బాలతో మొదలుపెట్టడం, ఆమె లేనప్పుడు ఏదీ పారేయకపోవడం లాంటి చిన్న పనులు మాత్రలకంటే ఎక్కువ ఉపయోగపడే సందర్భం ఇది.

దులిపేది ఎవరు, జ్వరం ఎవరికి?

2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొనే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నారు. ఇల్లు మారే వారంలో లారీ మాట్లాడటం, నెట్ కనెక్షన్ మార్పించడం మగవాళ్ల లెక్కలోకి, బీరువాలు, అటకలు, వంటిల్లు ఆడవాళ్ల లెక్కలోకి వెళ్తాయి. కాబట్టి దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుందో వేరే చెప్పక్కర్లేదు. ఇంటివాళ్లూ ఎక్కని అటక మీదికి పనిమనిషిని ఎక్కిస్తారు. ఆ పనికి రెండొందలో మూడొందలో ఎక్కువిస్తారు. ఆ రాత్రి ఆమెకు జ్వరమొచ్చి మర్నాడు రాకపోతే ‘సరిగ్గా అవసరమైన రోజే మానేసింది’ అంటారు. ఐదొందల రూపాయల అట్టపెట్టెలు కొనే ఇంట్లో ఆమెకో మాస్కు కొనాలన్న ఆలోచన తట్టదు. ప్యాకర్స్ కుర్రాళ్లది ఇంకో రకం పరిస్థితి. మనకు ఏడాదికోసారి, వాళ్లకు రోజుకో అటక. హైపర్‌సెన్సిటివిటీ న్యుమొనైటిస్ లాంటి జబ్బు మళ్లీ మళ్లీ పీల్చేవారిలోనే ముదురుతుందన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి.

డాక్టరు దగ్గరికి వెళ్తే ‘జ్వరం, దగ్గు’ అని ఆపేయకుండా, ఏ రోజు ఏం దులిపారు, ఎన్ని గంటల తర్వాత మొదలైంది, ఇంట్లో కూలరు, పావురాలు, గోడల్లో చెమ్మ ఉన్నాయా అన్నవి చెప్పాలి. చాలా క్లినిక్‌లలో ఇవి అడిగే తీరిక ఉండదు. జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం పెరుగుతున్నా, మాట పూర్తిచేయలేకపోతున్నా ఆగకూడదు. వానాకాలంలో డెంగీ, మలేరియా కూడా ఇలాగే మొదలవుతాయి కాబట్టి దుమ్మే కారణమని ఇంట్లోనే తేల్చేసుకోవడమూ పొరపాటే.

కొత్త ఇంట్లో చేరాక కూడా దగ్గు వదలకపోతే ‘ఇల్లు అచ్చిరాలేదు’ అంటూ వాస్తు చూసేవారిని పిలుస్తారు. అంతకంటే ముందు ఆ ఇంటి నుంచి ఓ వారం దూరంగా ఉండి చూడొచ్చు. ఊరెళ్లిన మూడు నాలుగు రోజుల్లో దగ్గు తగ్గి, తిరిగొచ్చిన ఒకటి రెండు రోజుల్లో మళ్లీ మొదలైతే ఆ ఇంట్లో ఏదో ఉందన్నట్టే. బీరువా వెనక గోడ మీద నల్లటి చెమ్మ మరక, ఏసీ డబ్బా పక్కన పావురం గూడు, కడగకుండా బిగించిన కూలర్ ఉన్నాయేమో చూడాలి. ఇవేవీ లేకపోతే కొత్తగా చేయించిన ప్లైవుడ్ అల్మరాల వాసన కూడా కారణం కావచ్చు. ఆ జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ కళ్లను, గొంతును మండిస్తుంది. కిటికీలు తెరిచి ఉంచితే కొన్ని నెలల్లో తగ్గుతుంది. చెమ్మ మరక మాత్రం దానంతటది తగ్గదు. పైప్ లీకేజీ ఎక్కడుందో ఓనరుతో చూపించుకోవాల్సిందే, అదీ అడ్వాన్స్ ఇవ్వకముందే అయితే ఇంకా మంచిది.